కోడ్ కామెంట్ల మీద మా టీమ్ ఒక మాట మీదికి వచ్చిన కథ

కామెంట్లకు, అంటే కోడ్ మధ్యలో చదివే మనుషుల కోసం రాసే వివరణలకు, ఒక పద్ధతి పెట్టుకుందామని మా టీమ్‌లో ఎవరూ సరదాపడి అనుకోలేదు. వేరువేరుగా నడిచిన రెండు టీమ్‌ల కోడ్‌ను ఒకే రిపోలోకి (కోడ్‌ను దాని చరిత్రతో సహా దాచే చోటు) తెచ్చాక రివ్యూలు (ఒకరి కోడ్‌ను ఇంకొకరు చదివి సరే అనడం) నత్తనడక పట్టాయి. ఎందుకా అని చూస్తే లాజిక్ మీద కంటే కామెంట్ల మీదే ఎక్కువ వాదన నడుస్తోంది. ఒకరు ప్రతి ఫంక్షన్ మీదా డాక్‌స్ట్రింగ్ (అది ఏం చేస్తుందో చెప్పే రాత) ఉండి తీరాలంటారు, ఇంకొకరు పేరు చూస్తే తెలుస్తోంది కదా మళ్లీ కామెంట్ దేనికంటారు, మూడో ఆయన వచ్చి కామెంట్ చివర ఫుల్‌స్టాప్ ఏదీ అని అడుగుతారు. పుల్ రిక్వెస్ట్ (నా మార్పును కలుపుకోండి అన్న విన్నపం) పెట్టినవాళ్లు ఏ రివ్యూయర్ చేతిలో పడితే ఆ రివ్యూయర్ మతం పుచ్చుకోవాలి. పొద్దున ఒకరు పెట్టమన్న కామెంట్‌ను సాయంత్రం ఇంకొకరు తీసెయ్యమన్న సందర్భాలూ ఉన్నాయి.

విసిగిపోయి లీడ్ ఒక రోజు "ఏదో ఒకటి రాసి పెట్టండి, అందరం దానికే కట్టుబడదాం" అని ఆ పని నాకు అప్పగించారు. నేను దాన్ని చాలా తేలిగ్గా తీసుకున్నాను. లోకంలో లేని పద్ధతులా, ఏదో ఒకటి తెచ్చి అతికిస్తే సరి అనిపించింది.

కావలసినన్ని ఉన్నాయి, నిజమే. పైథాన్ భాషకి 2001లో వచ్చిన శైలి నియమావళి పెప్ 8, డాక్‌స్ట్రింగ్‌ల కోసమే అదే ఏడాది వచ్చిన పెప్ 257 ఉన్నాయి. కామెంట్లలోంచి డాక్యుమెంటేషన్ పేజీలు తయారుచేసే టూల్సూ ఉన్నాయి: జావాకి జావాడాక్, సీ ప్లస్‌ప్లస్ వాళ్లకి 1997 నుంచీ ఉన్న డాక్సిజెన్, జావాస్క్రిప్ట్‌కి జేఎస్‌డాక్. గో భాషలో అయితే డాక్ కామెంట్ ఆ ఫంక్షన్ పేరుతోనే మొదలవ్వాలి. రస్ట్‌లో మూడు స్లాష్‌లు (///) పెడితే అది డాక్యుమెంటేషన్ కిందకి వెళ్తుంది, అందులో రాసిన ఉదాహరణ కోడ్ టెస్టుగా కూడా నడుస్తుంది. లైనక్స్ కెర్నల్ (ఆ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) వాళ్ల స్టైల్ డాక్యుమెంట్‌లో కామెంట్ల గురించి చిన్న భాగమే ఉంది గానీ సూటిగా ఉంటుంది: మీ కోడ్ ఎలా పనిచేస్తుందో కామెంట్‌లో వివరించే ప్రయత్నం చెయ్యకండి, ఎలా అన్నది కోడే చెప్పాలి, ఏం చేస్తుందో మాత్రం చెప్పండి అని. అంత పెద్ద ప్రాజెక్టులో కూడా నెట్‌వర్కింగ్ భాగం వాళ్లు బహుళ పంక్తుల కామెంట్లను మిగతా కెర్నల్‌కు భిన్నంగా, మొదటి పంక్తి నుంచే మొదలుపెట్టి రాస్తూ చాలాకాలం నడిపారు. అది చదివాక మా గొడవ మరీ అంత సిగ్గుపడాల్సినదేమీ కాదని కాస్త ధైర్యం వచ్చింది.

చిక్కల్లా ఏమిటంటే ఇవి ఒకదానితో ఒకటి కలవవు. మా రిపోలో పైథాన్, జావా, టైప్‌స్క్రిప్ట్ (ఏ విలువ ఏ రకమో చెప్పే టైపులు చేర్చిన జావాస్క్రిప్ట్) ఉన్నాయి, ఒక మూల పాత సీ లైబ్రరీ కూడా ఉంది. పెప్ 257 ప్రకారం డాక్‌స్ట్రింగ్ మొదటి వాక్యం ఆజ్ఞలా ఉండాలి, అంటే 'రిటర్న్' అనాలి గానీ 'రిటర్న్స్' అనకూడదు. జావాడాక్ సంప్రదాయం సరిగ్గా దానికి తిరగేసి చెబుతుంది. రిపో మొత్తానికీ ఒకటే పద్ధతి అని మొదట్లో గట్టిగా పట్టుబట్టినవాళ్లకు ఈ ఒక్క తేడా చూపిస్తే చాలు, మెత్తబడ్డారు. మొత్తానికి ఏ భాష కోడ్‌కి ఆ భాష సంప్రదాయమే, మధ్యలో మన తెలివి చూపించొద్దు అని తేల్చుకున్నాం. పైథాన్‌లో గూగుల్ శైలి డాక్‌స్ట్రింగ్, జావాలో మామూలు జావాడాక్, టైప్‌స్క్రిప్ట్‌లో టైపులు ఎలాగూ కోడ్‌లోనే ఉంటాయి కాబట్టి కామెంట్‌లో మళ్లీ టైపులు రాయకూడదు, సీ లైబ్రరీ జోలికి పోవద్దు. ఈ భాగం ఒక్క మీటింగ్‌లో అయిపోయింది.

అసలు గొడవ ఆ తర్వాత మొదలైంది. "కోడ్ ఏం చేస్తోందో కాదు, ఎందుకు చేస్తోందో కామెంట్‌లో రాయాలి" అని నా డ్రాఫ్ట్‌లో పెద్ద అక్షరాలతో పెట్టాను. అందరూ బాగుంది అన్నారు. ఎప్పుడూ దేనికో దానికి అడ్డం తిరిగే ఆయన కూడా తల ఊపారు. మర్నాటి రివ్యూల్లో మళ్లీ అదే గోల, కాకపోతే ఇప్పుడు రెండు వైపులవాళ్లూ ఆ వాక్యాన్నే చూపించి కొట్టుకుంటున్నారు. ఒకరికి 'ఎందుకు' అనిపించింది ఇంకొకరికి 'ఏం' అనిపిస్తోంది. అలాంటి వాక్యానికి ఎవరైనా ఒప్పుకుంటారు, ఎందుకంటే ఒప్పుకోవడం వల్ల ఎవరికీ ఏ నష్టమూ లేదు.

దాంతో పద్ధతి మార్చాం. సూత్రాలు పక్కన పెట్టి, మా రిపోలోంచే నిజమైన కామెంట్లు కొన్ని ఏరి, ఎవరు రాశారో కనపడకుండా తెర మీద పెట్టి, ఉంచాలా తీసెయ్యాలా మార్చాలా అని ఒక్కొక్క దానికీ చేతులెత్తించాం. నన్నడిగితే ఈ మొత్తం వ్యవహారంలో పనికొచ్చిన పని ఇదే. మిగతా అంతా కాగితం.

మొదటిది అందరికీ తెలిసిన రకం. ఫంక్షన్ పేరు 'గెట్ యూజర్స్', దాని మీద కామెంట్ "యూజర్లను తెస్తుంది". అందరూ తీసెయ్యాలన్నారు. అంతలో ఒకావిడ, ఇది బయటి టీమ్‌లు వాడే ఏపీఐ అండీ, తీసేస్తే డాక్యుమెంటేషన్ పేజీలో అక్కడ ఖాళీ కనిపిస్తుంది అన్నారు. అదీ నిజమే. మరి అక్కడ ఏం రాయాలి అని కూర్చుంటే, వాడేవాళ్లు నిజంగా అడిగే ప్రశ్నలు బయటికి వచ్చాయి: లిస్టు ఏ క్రమంలో వస్తుంది, ఎవరూ లేకపోతే ఖాళీ లిస్టు వస్తుందా నల్ (విలువే లేదనే గుర్తు) వస్తుందా, డిలీట్ అయిన యూజర్లు అందులో ఉంటారా, డేటాబేస్ అందకపోతే ఏ ఎక్సెప్షన్ (లోపం కబురు) వస్తుంది. వీటిలో ఒక్కటి కూడా పాత కామెంట్‌లో లేదు. బయటివాళ్లు వాడే ప్రతిదానికీ డాక్ కామెంట్ తప్పనిసరి, కానీ పేరు ఇప్పటికే చెప్పేసిన సంగతిని అందులో మళ్లీ చెప్పకూడదు అన్న నియమం అక్కడ పుట్టింది. లోపలి ఫంక్షన్లకు తప్పనిసరి కాదు.

రెండోది చాలా సమయం తిన్నది. కోడ్‌లో ఒక చోట 200 మిల్లీసెకన్లు ఆగుతుంది. పైన కామెంట్: "ఇది తీసెయ్యొద్దు!!" అంతే, రెండు ఆశ్చర్యార్థకాలతో సహా. సగం మంది ఇది మంచి కామెంటేనన్నారు, హెచ్చరిక చేస్తోంది కదా, ఇన్నాళ్లూ ఎవరూ దాన్ని ముట్టుకోలేదంటే పని చేసినట్టే కదా అని. మిగతా సగం ఇది కామెంట్ కాదు బెదిరింపు అన్నారు. రాసినాయన కంపెనీలో లేరు. గిట్ బ్లేమ్ (ఏ లైన్ ఎవరు, ఏ మార్పులో రాశారో చూపే ఆదేశం) చూస్తే కమిట్ మెసేజ్‌లో (మార్పుతో పాటు రాసే మాట) 'ఫిక్స్' అని ఒక్క మాట ఉంది. ఆ లైన్ తీసి టెస్టులు నడిపితే అన్నీ పాసయ్యాయి, కొందరు అప్పటికే విజయం ప్రకటించుకున్నారు. అప్పుడు పాత టీమ్‌లోంచి వచ్చిన ఒకాయన, ఆగండాగండి, ఇది ఆ బయటి సర్వీసుది కదూ అని గుర్తు తెచ్చుకున్నారు. ఆ సర్వీసు ఆర్డరు అందిందని జవాబిచ్చేస్తుంది గానీ, వెంటనే అదే ఆర్డరును చదవబోతే ఒక్కోసారి దొరకలేదంటుంది, ఎందుకంటే చదివే కాపీకి ఆ రికార్డు చేరడానికి కొంచెం టైమ్ పడుతుంది. మా టెస్టుల్లో ఆ సర్వీసుకి బదులు నకిలీది ఉంటుంది, అది ఎప్పుడూ వెంటనే జవాబిస్తుంది, అందుకే పాసయ్యాయి.

అక్కడికక్కడే ఆ కామెంట్‌ను తిరగ రాశాం. "ఆర్డరు అందిందని ఈ సర్వీసు చెప్పాక కూడా వెంటనే చదివితే దొరకలేదని రావచ్చు, వాళ్ల రీడ్ కాపీ వెనకబడి ఉంటుంది. మన టెస్టుల్లో ఇది బయటపడదు. వాళ్లు సరిచేశాక ఈ ఆగడం అక్కర్లేదు." కింద టికెట్ (పనుల జాబితాలో ఆ సమస్య ఎంట్రీ) నంబరు. ముట్టుకోవద్దు అని ఎవరు రాసినా మూడు సంగతులు చెప్పి తీరాలి అనుకున్నాం: ముట్టుకుంటే ఏం పాడవుతుంది, ఆ సంగతి మనకెలా తెలుసు, ఎప్పుడు ముట్టుకోవచ్చు. మా పద్ధతుల కాగితం మొత్తంలో ఎవరూ ఎదురు చెప్పని నియమం ఇదొక్కటే అనుకుంటా.

ఈ చర్చ మధ్యలో కుర్ర ఇంజనీరు ఒకరు పాత ఆపరేటింగ్ సిస్టమ్ యునిక్స్ ఆరో ఎడిషన్‌లో ఉన్న ప్రసిద్ధ కామెంట్‌ను ఎత్తారు, మీకిది అర్థం కావాలని మేం ఆశించట్లేదు అనే అర్థం వచ్చేది. 1975 నాటి కోడ్ అది, ఒక ప్రాసెస్ నుంచి ఇంకో ప్రాసెస్‌కి మారే చోట ఉంటుంది. అంతటివాళ్లే అలా రాస్తే మనకేం అని ఆ పిల్లాడి వాదన. యునిక్స్ సృష్టికర్తల్లో ఒకరైన డెన్నిస్ రిచీ తర్వాత దాని గురించి రాస్తూ, అది పొగరుతో కాదు, ఇది పరీక్షలో రాదులే అన్న ధోరణిలో పెట్టింది అన్నారు, పైగా అసలు ఇబ్బంది ఏమిటంటే అక్కడ జరుగుతున్నది తమకూ పూర్తిగా అర్థం కాలేదని ఒప్పుకున్నారు. ఆ సంగతి చెప్పాక నవ్వుకుని ముందుకెళ్లాం.

మూడో కామెంట్ "3 సార్లు మళ్లీ ప్రయత్నిస్తుంది" అంటుంది, కింద కోడ్‌లో 5 ఉంది. కోడ్‌తో విభేదించే కామెంట్ ఉండటం కంటే అసలు లేకపోవడం మేలని పెప్ 8 చెప్పేది సరిగ్గా ఇలాంటి వాటి గురించే. ఎవరో కోడ్ మార్చి కామెంట్ మర్చిపోయారు అని తేల్చెయ్యబోతే, లేదు, ముందు 5 ఉండేది, ఎవరో 3 చెయ్యాలనుకుని కామెంట్ ఒక్కటి మార్చి ఆగిపోయారేమో అని ఇంకొకరి అనుమానం. ఏది నిజమో తెలుసుకోవడానికి పాత కమిట్లన్నీ తవ్వాల్సి వచ్చింది. కోడ్‌లో ఉన్న అంకెను కామెంట్‌లో మళ్లీ రాయకూడదు, అంకెకు పేరున్న కాన్‌స్టెంట్ పెట్టి, ఆ అంకే ఎందుకో రాయాలి అనుకున్నాం.

ఇంకొకటి దీనికి పూర్తిగా తిరగేసిన రకం. పైథాన్ కోడ్‌లో పెద్ద పేరా, రౌండింగ్ గురించి. ఇంత పొడుగు దేనికి, వికీలో పెట్టుకోవచ్చుగా అని తీసెయ్యమన్నవాళ్లే ఎక్కువ. నాకూ మొదట అలాగే అనిపించింది. మొత్తం చదివితే సంగతి వేరు. పైథాన్ 3లో రౌండ్ ఫంక్షన్‌కి 2.5 ఇస్తే 2 వస్తుంది, సరిగ్గా సగం దగ్గర ఉన్నప్పుడు అది సరిసంఖ్య వైపు మొగ్గుతుంది. జావాలో మ్యాథ్ రౌండ్‌కి అదే 2.5 ఇస్తే 3 వస్తుంది, జావాస్క్రిప్ట్‌లోనూ 3 వస్తుంది. మా దగ్గర ఒకే లెక్క మూడు చోట్ల జరుగుతుంది. ఆ పేరా మొత్తం ఈ తేడాను ఎలా సర్దారో, ఏది ప్రమాణంగా తీసుకున్నారో చెబుతోంది. ఇది తెలియని మనిషి ఎవరైనా వచ్చి, ఈ వంకర కోడ్ ఎందుకు, భాషలో ఉన్న ఫంక్షన్ వాడితే ఒక్క లైన్‌లో పోతుంది కదా అని శుభ్రం చేస్తే లెక్కలు తప్పుతాయి. దాన్ని ఉంచాం, పైగా జావా, టైప్‌స్క్రిప్ట్ వైపు కూడా ఇక్కడికి దారి చూపిస్తూ ఒక్కో లైన్ చేర్చాం. పొడుగుకు పరిమితి పెట్టాలన్న ప్రతిపాదన ఆ రోజుతో ఆగిపోయింది.

ఇలా ఏరిన కామెంట్లనే, ముందూ తర్వాతా రెండు రూపాలూ పక్కపక్కన పెట్టి, రిపోలో కోడ్ రాసేవాళ్లకు సూచనలుండే కాంట్రిబ్యూటింగ్ ఫైల్‌లో వేశాం. నియమాలు కొద్ది వాక్యాలే, మిగతా అంతా ఉదాహరణలు. రివ్యూలో ఇప్పుడు 'ఎందుకు' రాయలేదని ఎవరూ అనరు, ఇది ఆ 200 మిల్లీసెకన్ల లాంటిది కదా అంటారు, అవతలివాళ్లకు వెంటనే తెలిసిపోతుంది.

ఇక టూల్స్. రూపం గురించి మనుషులు మాట్లాడకూడదు, యంత్రమే చెప్పాలి అన్నదానికి అందరం సరే అన్నాం. ఖాళీలు, ఇండెంట్లు, ఫుల్‌స్టాపులు, మొదటి వాక్యం తీరు, ఇవన్నీ కోడ్ శైలిని తనిఖీ చేసే టూల్స్‌కి, పైథాన్‌లో రఫ్‌కి, జావాలో చెక్‌స్టైల్‌కి వదిలేశాం. రఫ్‌లో డాక్‌స్ట్రింగ్ నియమాలకు ఏ సంప్రదాయమో చెప్పే సెట్టింగ్ ఉంటుంది, గూగుల్ అని పెడితే దానికి సరిపడనివి ఆపేసి మిగతావే చూస్తుంది, లేదంటే ఒకదానితో ఒకటి విభేదించే నియమాలన్నీ కలిసి మీద పడతాయి. డాక్ కామెంట్ లేని ప్రతి మెథడ్‌నీ పట్టుకునే నియమాన్ని చెక్‌స్టైల్‌లో ప్రైవేటు వాటికీ కలిపి ఆన్ చేస్తే మాత్రం మొదటికే మోసం వచ్చింది. జనం బిల్డ్ (కోడ్‌ను తనిఖీ చేసి తయారుచేసే దశ) పాసవ్వాలని మొక్కుబడిగా "పేరును సెట్ చేస్తుంది", "పేరును ఇస్తుంది" అని నింపడం మొదలుపెట్టారు. మేం తీసెయ్యాలని చేతులెత్తిన సరుకే టూల్ భయంతో మళ్లీ పుట్టుకొస్తోంది. అందుకని స్కోప్ పబ్లిక్‌కి, అంటే బయటివాళ్లు పిలవగల మెథడ్‌లకు, తగ్గించాం, గెటర్లు సెటర్లు (ఒక విలువను ఇచ్చేవి, పెట్టేవి) మినహాయించే ఆప్షన్ ఉంటే అది ఆన్ చేశాం. కామెంట్ ఉందా లేదా అన్నది టూల్‌కు తెలుస్తుంది, అందులో ఏమైనా ఉందా అన్నది దానికేం తెలుస్తుంది.

కామెంట్‌గా మార్చి వదిలేసిన పాత కోడ్ విషయంలో ఒక సీనియర్ గారితో గట్టి పేచీయే వచ్చింది. ఆయన పాత అల్గారిథమ్‌ను కింద అలాగే ఉంచుతారు, మళ్లీ అవసరమైతే దొరుకుతుందని. గిట్‌లో ఉంటుంది కదండీ అంటే, గిట్‌లో ఉందని తెలిసినవాళ్లు కదా వెతికేది అన్నారు. ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. చివరికి కోడ్ తీసేసి, ఫలానా పద్ధతి ఫలానా కారణంతో మానేశాం, ఫలానా కమిట్‌లో ఉంది అని ఒక లైన్ ఉంచితే చాలు అని ఆయనే దారి చెప్పారు. కామెంట్లలో దాగిన కోడ్‌ను పట్టే నియమం రఫ్‌లో ఉంది గానీ, అది సూత్రం రాసినా కోడ్ అనుకుని అరుస్తుంది, ఆ రౌండింగ్ పేరా మీద కూడా అరిచింది. దాన్ని హెచ్చరికగానే ఉంచాం, బిల్డ్ ఆగదు.

ఫైళ్ల పైన ఉండే రాతలు కూడా శుభ్రం చేశాం. సీ లైబ్రరీలో కొన్ని ఫైళ్ల మొదట్లో పేజీ పొడుగునా మార్పుల చరిత్ర ఉంది, గిట్‌కు ముందటి సీవీఎస్ రోజుల్లో డాలర్ గుర్తుల మధ్య లాగ్ అని రాస్తే ప్రతి కమిట్ మెసేజ్ అక్కడే వచ్చి చేరేది, ఆ కాలపు సామాను. జోలికి పోవద్దనుకున్న లైబ్రరీయే అయినా దీనికి మాత్రం మినహాయింపు ఇచ్చాం. లైసెన్స్ పాఠం మొత్తం ప్రతి ఫైల్‌లోనూ ఉండేది, దాని బదులు ఎస్‌పీడీఎక్స్ ఐడెంటిఫయర్ (లైసెన్స్ పేరును చెప్పే ప్రామాణిక సంకేతం) ఒక్క లైన్ పెట్టాం. లైనక్స్ కెర్నల్ 2017లో అదే దారి పట్టింది కాబట్టి లీగల్ వాళ్లను ఒప్పించడం కష్టం కాలేదు.

టూడూల (తర్వాత చెయ్యాలి అని కోడ్‌లో రాసుకునే కామెంట్లు) సంగతి చెప్పాలంటే అదొక పెద్ద చెరువు. పేరు రాసి వదిలేసినవి ఉన్నాయి, ఆ పేరుగలవాళ్లు ఎప్పుడో వెళ్లిపోయారు. టికెట్ నంబరు ఉన్నవి ఉన్నాయి, ఆ టికెట్ల సిస్టమే ఇప్పుడు లేదు. ఇక మీదట టూడూ రాస్తే బతికున్న టికెట్ నంబరు ఉండాలి, లేకపోతే బిల్డ్ ఆగిపోతుంది అని పెట్టాం. పాతవాటిని ఏం చెయ్యాలన్నదాని మీద మాత్రం రెండు మాటలు వినిపించాయి. అన్నిటికీ టికెట్లు తెరుద్దాం అన్నవాళ్లు ఉన్నారు. అది చెత్తను ఒక గదిలోంచి ఇంకో గదిలోకి ఊడ్చడమే అని నా అభిప్రాయం. ఆ ఫైల్‌ను ఎవరు తాకితే వాళ్లు అందులో ఉన్న టూడూ ఇంకా నిజమేనా అని చూసి, కాకపోతే తీసెయ్యాలి అన్నది చివరికి నిలిచింది. తీసేసిన వాటిలో మళ్లీ ఎవరికైనా గుర్తొచ్చినవి నేనైతే చూడలేదు.

పాత కోడ్ అంతా ఒకేసారి కొత్త రూపంలోకి మార్చేద్దామన్న ఉత్సాహం కూడా కొందరిలో ఉంది. అలా చేస్తే గిట్ బ్లేమ్‌లో ప్రతి లైన్ మీదా ఆ మార్చినవాళ్ల పేరే కనిపిస్తుంది, 200 మిల్లీసెకన్ల లాంటి కేసు వచ్చినప్పుడు వెతుక్కోవడానికి ఏమీ మిగలదు. గిట్ 2.23 నుంచి, అంటే 2019 నుంచి, కొన్ని కమిట్లను బ్లేమ్‌లో లెక్కలోకి తీసుకోవద్దని ఒక ఫైల్‌లో రాసుకునే వీలుంది. ఖాళీలు సర్దడం లాంటి యాంత్రికమైన మార్పులను ఒకే కమిట్‌గా చేసి దాన్ని అందులో రాశాం. మాటలు మార్చాల్సిన కామెంట్లను మాత్రం తాకినప్పుడే మార్చాలి, మూకుమ్మడిగా వద్దు.

ఇదంతా ఒక కొలిక్కి వచ్చిందనుకునేసరికి కోడ్ రాసిపెట్టే ఏఐ సహాయకాలు అందరి ఎడిటర్లలోకీ వచ్చేశాయి. అవి ప్రతి రెండు లైన్లకూ ఒక కామెంట్ పెడతాయి, లూప్ పైన లూప్ మొదలు అని రాస్తాయి. అంతకంటే చికాకు పెట్టేది ఇంకో రకం: "ఇప్పుడు పాత పద్ధతికి బదులు క్యాష్ వాడుతున్నాం", "రివ్యూలో చెప్పినట్టు సరిచేశాం". ఇవి రివ్యూ చేసేవాళ్లతో మాట్లాడుతున్న మాటలు, ఏడాది తర్వాత ఆ ఫైల్ తెరిచినవాళ్లకు పాత పద్ధతి ఏమిటో, రివ్యూ ఎప్పుడో ఏం తెలుస్తుంది? కమిట్ మెసేజ్‌లో ఉండాల్సినవి కోడ్‌లో ఉండకూడదు అని ఒక వాక్యం కొత్తగా చేర్చాం, ఆ సహాయకాలు చదువుకునే సూచనల ఫైల్‌లో కూడా మా ఉదాహరణలన్నీ పెట్టాం. కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు.

రివ్యూల్లో వాదన తెగకపోతే ఏం చెయ్యాలన్నది కూడా రాసి పెట్టుకున్నాం. టూల్ పట్టుకోని శైలి విషయం మీద రివ్యూయర్ ఒకసారి చెప్పొచ్చు, రాసినవాళ్లు కాదంటే అక్కడితో ఆపెయ్యాలి, మెర్జ్ (మార్పును అసలు కోడ్‌లో కలపడం) మాత్రం ఆగకూడదు. కామెంట్ తప్పు చెబుతోంది అంటే మాత్రం అది శైలి కాదు, బగ్ లాగే చూడాలి. మొదట్లో కొందరు ప్రతిదాన్నీ తప్పు కేటగిరీలోకి లాగాలని చూశారు గానీ, కోడ్‌లో ఏ లైన్‌తో విభేదిస్తోందో చూపించండి అని అడిగేసరికి తగ్గారు.

ఇప్పుడు నడుస్తున్న గొడవ జేసన్ అనే డేటా ఫార్మాట్‌లో రాసిన కాన్ఫిగ్ (సెట్టింగ్‌ల) ఫైళ్ల గురించి. జేసన్‌లో కామెంట్లకు చోటే లేదు. కొందరు వాటిని పార్సింగ్ ఆదేశాల కోసం వాడుతుండటం చూసి తానే తీసేశానని జేసన్‌ను రూపొందించిన డగ్లస్ క్రాక్‌ఫర్డ్ 2012లో చెప్పారు. మా వాళ్లు అండర్‌స్కోర్ కామెంట్ అని ఒక కీ పెట్టి అందులో రాస్తున్నారు, తెలియని కీ కనిపిస్తే ఒక సర్వీసు స్టార్ట్ అవ్వనంటోంది. కామెంట్లు రాయనిచ్చే యామల్ ఫార్మాట్‌కి మారదామని కొందరు, కాన్ఫిగ్ పక్కనే ఒక రీడ్‌మీ చాలని కొందరు. ఆ రీడ్‌మీ ఎవరు అప్‌డేట్ చేస్తారని అడిగితే మాత్రం ఇంకా ఎవరూ చెయ్యెత్తలేదు.